ఐదుగురు డాక్టర్లు, 13 మాత్రలు... నాకున్న అసలు జబ్బు ఏది?

ప్రశ్న: నాకు 54 ఏళ్ళు. పుట్టి పెరిగింది కనిగిరి దగ్గర ఒక పల్లెలో. పెళ్ళయ్యాక గుంటూరు వచ్చేశాం. మేం శాకాహారులం. థైరాయిడ్ 12 ఏళ్ళుగా, షుగర్ 9 ఏళ్ళుగా, బీపీ 6 ఏళ్ళుగా ఉన్నాయి. నెలసరి ఆగి రెండేళ్ళయింది. ఏడాదిన్నరగా విపరీతమైన నీరసం. అరికాళ్ళలో మంటలు, తిమ్మిర్లు. సాయంత్రానికి పాదాలు వాచిపోతాయి. నడుము, మెడ బిగుసుకుపోతాయి, మోకాళ్ళు పట్టేస్తాయి. షుగర్‌కి ఒకరు, థైరాయిడ్‌కి ఒకరు, మోకాళ్ళకి ఎముకల డాక్టరు, తిమ్మిర్లకి నరాల డాక్టరు, గ్యాస్‌కి ఇంకొకరు... ఎవరి మందులు వాళ్ళు రాశారు. రోజుకి 13 మాత్రలు మింగుతున్నాను. పొద్దున్నే థైరాయిడ్, కాల్షియం, ఐరన్ మాత్రలు కలిపి వేసుకుని కాఫీ తాగుతాను. ఇవి కాక, తెలిసినవాళ్ళ ఊరి నుంచి తెప్పించుకున్న మోకాళ్ళ పొడి ఒకటి అప్పుడప్పుడు వేసుకుంటాను. అది వేసుకున్న రోజు నొప్పులే ఉండవు. శనివారాలు ఒక్కపొద్దు ఉంటాను. ఈ మధ్య సాయంత్రాలు చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయి. రిపోర్టుల్లో హిమోగ్లోబిన్ 9.6, హెచ్‌బీఏ1సీ 8.2, టీఎస్‌హెచ్ 9, క్రియాటినిన్ 1.1. ఏఎన్‌ఏ అనే పరీక్ష 1:80 పాజిటివ్ వచ్చింది. మా అబ్బాయి నెట్‌లో చూసి లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) కావచ్చంటున్నాడు, 80 పరీక్షల ప్యాకేజీ చేయిస్తానంటున్నాడు. ఆఖర్న చూసిన డాక్టరుగారు "అంతా టెన్షనేనమ్మా" అన్నారు. మావారేమో నాకు జబ్బుల పిచ్చి పట్టిందంటారు. నాకున్న అసలు జబ్బు ఏది? ఎవరి దగ్గరికి వెళ్ళాలి? మందుల చీటీలన్నీ జతచేస్తున్నాను.
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు పంపిన కాగితాల్లో నన్ను ఆపింది ఏఎన్‌ఏ కాదు, హిమోగ్లోబిన్. ఐదుగురి చీటీల్లోనూ వెతికితే ఒక్కచోట దాని జాడ కనిపించింది, అదీ ఒక ఐరన్ మాత్ర రూపంలో. నెలసరి వస్తున్నవాళ్ళలో రక్తం తగ్గితే కారణం చాలాసార్లు కళ్ళముందే ఉంటుంది. నెలసరి ఆగి రెండేళ్ళయిన మనిషికి 9.6 ఉందంటే, ఆ రక్తం ఎటు పోతోందో, లేదా ఎందుకు తయారు కావడం లేదో తేల్చాల్సిందే. ఐరన్ మాత్ర రాసి ఊరుకునే విషయం కాదిది.

మీ ఎముకల డాక్టరు రాసిన ఎసిక్లోఫెనాక్‌ని ఏడాదికి పైగా దాదాపు రోజూ వాడుతున్నట్టుంది. ఆయన చీటీలో ఉన్నది పది రోజులకే. మిగతా నెలలన్నీ మెడికల్ షాపులో పాత చీటీ చూపించి తెచ్చుకున్నవే అయ్యుంటాయి. ఈ రకం నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు పడేట్టు చేస్తాయి. ఆ పుండ్లు ఒక్కోసారి నొప్పే లేకుండా, రోజూ కాస్త కాస్త రక్తం కారుస్తూ ఉంటాయి. పైన గ్యాస్ మాత్ర కూడా వేసుకుంటున్నారు కాబట్టి మంట తెలియకపోవచ్చు. మలం నల్లగా వస్తే రక్తం పోతోందని అనుమానించాలి. కానీ ఐరన్ మాత్ర వల్ల కూడా మలం నల్లబడుతుంది కనుక మీ అంతట మీరు తేల్చుకోలేరు. ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది) పరీక్ష, రక్తం స్మియర్ (రక్తకణాల తీరు చూసేది), మలంలో రక్తం పరీక్ష ముందు చేయించాలి. ఐరన్ లోపమే అని తేలితే ఎండోస్కోపీ, దానితోపాటు కొలనోస్కోపీ అవసరమని డాక్టరు అంటే వెనకాడకండి. పెద్దపేగులో కంతులు, అరుదుగా క్యాన్సర్, ఈ వయసులో ఒక్కోసారి రక్తహీనతతోనే బయటపడతాయి. మీకు అదే ఉందని నేననడం లేదు. చూడకుండా వదిలేయకూడదు అంటున్నాను.

ఈ రక్తహీనత మీ షుగర్ లెక్కని కూడా పాడుచేసి ఉండవచ్చు. హెచ్‌బీఏ1సీ అనేది ఎర్ర రక్తకణాలకి అంటుకున్న చక్కెరని చూసి, సుమారు మూడు నెలల సగటు చెబుతుంది. ఐరన్ లోపం ఉంటే ఆ అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించవచ్చు. 8.2 చూసి మీ డాక్టరు గ్లిమెపిరైడ్ 1 మిల్లీగ్రాము నుంచి 2కి పెంచారు. అప్పటినుంచే సాయంత్రాలు చెమటలు, వణుకు మొదలయ్యాయని మీ తేదీలు చూస్తే అనిపిస్తోంది. ఇది షుగర్ పడిపోవడం కావచ్చు. శనివారం ఒక్కపొద్దు ఉంటూ గ్లిమెపిరైడ్ మామూలుగానే వేసుకుంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఈసారి వణుకు రాగానే గ్లూకోమీటరుతో చూసుకోండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగి, పావుగంట తర్వాత మళ్ళీ చూడండి. మీటరు చేతిలో లేకపోతే చూడకుండానే తాగేయండి. ఒక వారం పాటు పరగడుపున, భోజనమైన రెండు గంటలకి, వణుకు వచ్చినప్పుడు వచ్చిన అంకెలు రాసి డాక్టరుకి చూపించండి. మీ విషయంలో ఆ కాగితం 8.2 కన్నా నమ్మదగ్గది. డోసు తేలేవరకు ఒక్కపొద్దులు ఆపండి. దేవుడేమీ అనుకోడు.

అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు. నరాల డాక్టరు షుగర్ వల్లే అని ప్రీగాబలిన్ రాశారు. షుగర్ వల్ల కావచ్చు, కాదనను. కానీ బీ12 విటమిన్ పరీక్ష చూడలేదు. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో బీ12 తగ్గుతుంది, గ్యాస్ మాత్రలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. మీరు శాకాహారులమని రాశారు, అది మూడోది. బీ12 లోపం కూడా అచ్చం ఇలాగే మంటలు, తిమ్మిర్లు, నీరసం, మతిమరుపు తెస్తుంది. తేడా ఏమిటంటే, వేళకి పట్టుకుంటే ఇంజెక్షన్లతో చాలావరకు తగ్గుతుంది. ఆలస్యమైతే నరాలు దెబ్బతిని మిగిలిపోతుంది. 200 కన్నా తక్కువుంటే లోపమే. 200 నుంచి 300 మధ్య వస్తే ల్యాబు నార్మల్ అని రాసినా మీలాంటివారిలో అనుమానించాలి. ఒక చిన్న సంగతి: షాపులో దొరికే నరాల మాత్రల్లో బీ12 ఉంటుంది. అవి వాడుతూ పరీక్ష చేయిస్తే అంకె బాగానే ఉన్నట్టు వస్తుంది. ఏం వాడారో ముందే చెప్పండి.

మీ థైరాయిడ్ ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద దాడి చేయడం వల్ల వచ్చిందైతే (మనవాళ్ళలో చాలామందికి కారణం అదే), అదే ధోరణి కొందరిలో కడుపు పొర మీద కూడా పడి బీ12నీ, ఐరన్‌నీ ఒంటికి పట్టనివ్వదు. అంటే మీ థైరాయిడ్, రక్తహీనత, తిమ్మిర్లు మూడూ ఒకే కొమ్మవి కావచ్చు. విడివిడిగా మూడు కారణాలూ ఉండవచ్చు. "అసలు జబ్బు ఏది" అని మీరు అడిగారు. ఒక వయసు దాటాక చాలామందికి ఒకటే అసలు జబ్బు ఉండదు. నాలుగైదు ఉంటాయి, ఒకదాని మందు ఇంకోదాన్ని కదిలిస్తూ ఉంటుంది. ఆ లెక్కంతా ఒక్కరు కూర్చుని చూడకపోవడమే మీకొచ్చిన చిక్కు.

పాదాల వాపు సంగతే తీసుకోండి. బీపీకి రాసిన ఆమ్లోడిపిన్ వల్ల పాదాలు వాచడం మామూలే. వాపు చూసి ఇంకొకరు ఒంట్లో నీరు తీసే మాత్ర కలిపారు. ఆమ్లోడిపిన్ వల్ల వచ్చే వాపు దానితో పెద్దగా తగ్గదు. ఆ తర్వాత వచ్చిన ప్రీగాబలిన్ కూడా పాదాలు వాచేలా చేస్తుంది, పైగా మత్తు, తూలు తెస్తుంది. నీరు తీసే మాత్ర ఒంట్లో సోడియం, పొటాషియం తగ్గిస్తే నీరసం వస్తుంది. నీరసానికి మల్టీవిటమిన్ రాశారు. ఒక్కో చీటీ విడిగా చూస్తే తప్పు పట్టడానికి లేదు, అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే కథ తెలుస్తుంది. గుండె, మూత్రపిండాలు, కాలేయం బాగున్నాయో లేదో చూసుకోకుండా వాపంతా మందుల వల్లే అని తేల్చేయడమూ తప్పే. ఆయాసం ఉందా, పడుకుంటే ఊపిరి ఆడటం లేదా అనేది డాక్టరు అడుగుతారు. అడక్కపోతే మీరే చెప్పండి.

ఇందులోనే ఇంకో ప్రమాదం దాగుంది. బీపీకే రాసిన టెల్మిసార్టాన్, నీరు తీసే మాత్ర, నొప్పి మాత్ర – ఈ మూడూ కలిస్తే కిడ్నీల మీద దెబ్బ పడుతుంది. ఎండాకాలంలో విరేచనాలో వాంతులో పట్టుకున్నప్పుడు మరీను. మీ క్రియాటినిన్ 1.1 పక్కన ల్యాబువాళ్ళు గుర్తేమీ పెట్టలేదు. కానీ 54 ఏళ్ళ స్త్రీకి ఆ అంకెతో ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) లెక్క కడితే 60 దగ్గర వస్తుంది. అది సరిగ్గా గీత మీద ఉన్నట్టు. 60 కన్నా తక్కువగా మూడు నెలలకు మించి ఉంటే దీర్ఘకాల కిడ్నీ జబ్బు అంటారు. మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో చూసే అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష షుగర్ ఉన్నవాళ్ళు ఏటా చేయించుకోవాలి. మీ ఫైలులో 9 ఏళ్ళలో ఒక్కసారి కూడా కనపడలేదు. ఖరీదైన పరీక్ష కూడా కాదు.

టీఎస్‌హెచ్ 9 అంటే థైరాయిడ్ మందు ఒంటికి చాలడం లేదని. దాని గురించి రెండు మాటలు చాలు. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర, కాల్షియం, ఐరన్ ఒకేసారి వేసుకుని వెంటనే కాఫీ తాగుతున్నారు. అలాగైతే ఆ థైరాయిడ్ మాత్ర (థైరాక్సిన్) ఒంటికి సరిగ్గా పట్టదు. పరగడుపున మంచినీళ్ళతో అదొక్కటే వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి కాఫీ తాగండి. ఐరన్, కాల్షియం దానికి నాలుగు గంటల దూరంలో ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇలా వేసుకుని మళ్ళీ పరీక్ష చేయిస్తే డోసు పెంచే అవసరమే రాకపోవచ్చు. జుట్టుకోసం బయోటిన్ వాడుతుంటే అది థైరాయిడ్ పరీక్షని తారుమారు చేస్తుంది. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి.

ఇక ఆ మోకాళ్ళ పొడి. వేసుకున్న రోజే నొప్పులన్నీ మాయమవుతున్నాయంటే అందులో స్టెరాయిడ్ కలిపి ఉండే అవకాశం గట్టిగా ఉంది. మూలికలు అంత వేగంగా పనిచెయ్యవు. స్టెరాయిడ్ షుగర్‌నీ బీపీనీ పెంచుతుంది, ఎముకల్ని గుల్ల చేస్తుంది, తొడల్లో బలం తగ్గిస్తుంది, నొప్పి మాత్రతో కలిస్తే కడుపులో పుండ్ల భయం బాగా పెరుగుతుంది. "అప్పుడప్పుడు" అని రాశారు. వారానికి ఎన్నిసార్లు, ఎన్నాళ్ళుగా అన్నది డాక్టరుకి దాచకుండా చెప్పండి. తిడతారేమోనని ఇలాంటివి దాచేవాళ్ళే ఎక్కువ. వారాల తరబడి రోజూ వాడి ఉంటే ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే, నెమ్మదిగా తగ్గించాల్సి ఉంటుంది. పొట్లం పారేయకుండా వెంట తీసుకెళ్ళండి.

నడుము, మెడ బిగుసుకుపోవడం గురించి ఐదుగురిలో ఎవరైనా మిమ్మల్ని ఏ ఊరు, ఏ నీళ్ళు తాగి పెరిగారు అని అడిగారా? అడిగినట్టు ఎక్కడా లేదు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి కొత్తది కాదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల పళ్ళు, ఎముకలు దెబ్బతినే జబ్బు) ఉందని 1937లోనే వైద్యులు రాశారు. ప్రకాశం జిల్లా ఏర్పడిన 1970 దాకా మీ ప్రాంతం నెల్లూరు జిల్లాలోదే. తాగే నీళ్ళలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. అంతకు మించిన నీళ్ళు చిన్నప్పటినుంచి ఏళ్ళ తరబడి తాగితే వెన్నెముక, కీళ్ళు బిగుసుకుపోతాయి, కొందరిలో నరాలు నొక్కుకుపోయి తిమ్మిర్లు కూడా వస్తాయి. అద్దంలో మీ పళ్ళు చూసుకోండి, గోధుమరంగు చారలు ఉన్నాయా? మీ అక్కచెల్లెళ్ళకీ చిన్ననాటి స్నేహితురాళ్ళకీ మెడ తిప్పడం కష్టంగా ఉందా? ఉంటే ఆ మాట డాక్టరుకి చెప్పండి. నడుము, కటి, ముంజేతి ఎక్స్‌రేలు తీస్తే చాలావరకు తెలిసిపోతుంది. దీన్ని వెనక్కి మళ్ళించే మందు లేదు. అయినా తెలియడం మంచిదే: కారణం తెలియక ఏళ్ళకేళ్ళు నొప్పి మాత్రలు మింగే పని తప్పుతుంది, పుట్టింట్లో ఉన్నవాళ్ళ నీళ్ళ సంగతి చూసుకోవచ్చు.

మీ అబ్బాయికి ఏఎన్‌ఏ గురించి ఇలా చెప్పండి. 1:80 స్థాయిలో ఈ పరీక్ష ఏ జబ్బూ లేనివాళ్ళలో కూడా నూటికి పదిమందికి పైగా పాజిటివ్ వస్తుంది. థైరాయిడ్ ఉన్నవాళ్ళలో ఇంకా ఎక్కువ. లూపస్ అనాలంటే ఎండకి ముఖం మీద దద్దు, నోట్లో మానని పుండ్లు, కీళ్ళ వాపు, మూత్రంలో ప్రొటీన్, రక్తకణాలు తగ్గడం లాంటివి తోడుండాలి. రక్తహీనత ఉంది కదా అని మీరనవచ్చు. అందుకే మూత్రం, రక్తకణాల లెక్క చూసి ఫిజిషియన్ అనుమానపడితే రుమటాలజిస్టు (కీళ్ళవాతం, లూపస్ లాంటి జబ్బుల డాక్టరు) దగ్గరికి పంపుతారు. మీ అంతట మీరు వెళ్ళక్కర్లేదు.

80 పరీక్షల ప్యాకేజీ అతని ప్రేమ కొద్దీ అన్నమాట, కాదనను. కానీ ల్యాబు కాగితం మీద "నార్మల్" హద్దులు మామూలుగా ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది ఇమిడేట్టు గీస్తారు. దాంతో ఏ జబ్బూ లేని మనిషికి ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేసినా ఏదో ఒకటి తేడాగా వచ్చే అవకాశం 60 శాతం పైనే. 80 చేస్తే ఎన్ని ఎర్ర అక్షరాలు వస్తాయో ఊహించుకోండి. ఒక్కో ఎర్ర అక్షరానికి ఒక్కో డాక్టరు, ఒక్కో మాత్ర. అంత పెట్టీ మీకు కావలసిన ఫెర్రిటిన్, మూత్రం అల్బుమిన్ అందులో ఉంటాయన్న హామీ లేదు. ఆ డబ్బుతో పైన చెప్పిన నాలుగైదు పరీక్షలు చేయించి, మిగిలింది దాచమనండి. అబ్బాయి నిజంగా సాయం చేయాలనుకుంటే సెలవు పెట్టి వచ్చి ఒకరోజు మీతో ఓపీకి రమ్మనండి.

టెన్షన్ సంగతి. దీర్ఘకాలం జబ్బులతో వేగేవాళ్ళలో దిగులు, డిప్రెషన్ రావడం చాలా మామూలు. దానివల్ల నీరసం, నిద్ర లేకపోవడం, ఒళ్ళు నొప్పులు నిజంగానే వస్తాయి, వైద్యమూ ఉంది. నిద్ర పట్టడం లేదా, ఇష్టమైన పనుల మీద మనసు పోవడం లేదా, బతకాలని లేదని అనిపిస్తోందా అని డాక్టరు అడిగితే సిగ్గుపడకుండా చెప్పండి. ఆ ఆలోచనలుంటే వెంటనే చెప్పాలి, 14416 టెలీ మానస్ నంబరుకి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. కానీ హిమోగ్లోబిన్ 9.6 ఉన్న మనిషి నీరసాన్ని టెన్షన్ ఖాతాలో రాసేయడం నాకు ఒప్పు కాదు. మీ వారికి ఈ అంకె చూపించండి. గురక పెడతారేమో కూడా ఆయన్నే అడగండి. గట్టి గురక, మధ్యలో ఊపిరి ఆగినట్టుండటం, పగలు కునుకుపాట్లు ఉంటే నిద్రలో శ్వాస ఆగే జబ్బు కావచ్చు. అది నీరసం తెస్తుంది, బీపీని అదుపులోకి రానివ్వదు.

ఎవరి దగ్గరికి అంటే, ఆరో స్పెషలిస్టు దగ్గరికి వద్దు. జనరల్ మెడిసిన్ ఎండీ చేసిన ఫిజిషియన్ ఒకరిని ఎంచుకోండి. మీకు గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి జనరల్ మెడిసిన్ ఓపీ ఉంది, మంగళగిరి ఎయిమ్స్ దగ్గరే. ప్రైవేటులో అయితే రోగికి పది నిమిషాలైనా ఇచ్చే మనిషిని వెతుక్కోండి, బోర్డు మీద డిగ్రీలు కాస్త తక్కువున్నా ఫర్వాలేదు. ఇకమీదట ఎవరేం మందు రాసినా ఈయనకి చూపించాకే మొదలుపెట్టాలి.

వెళ్ళేటప్పుడు లావు ఫైలంతా బల్లమీద పడేయకండి, ఎవరూ చదవరు. మాత్రల స్ట్రిప్పులు, సిరప్పులు, పొడి, ఎప్పుడైనా వాడే టానిక్కులతో సహా అన్నీ ఒక సంచిలో వేసుకోండి. ఒక తెల్లకాగితం మీద మీ చేత్తో రాయండి: ఏ జబ్బు ఏ సంవత్సరం మొదలైంది, ఏ మందు ఏ నెలలో మొదలుపెట్టారు, ఏ బాధ ఏ నెలలో వచ్చింది. మందు తేదీ పక్కన బాధ తేదీ పడగానే సగం సంగతి బయటపడుతుంది. పైన మాత్రం ఒకే ఒక్క వాక్యం: "నన్ను ఎక్కువ బాధపెడుతున్నవి నీరసం, అరికాళ్ళ మంట, నడుము బిగుసుకుపోవడం". గ్యాస్ లాంటివి రెండోసారి వెళ్ళినప్పుడు. తర్వాత రెండు ప్రశ్నలు అడగండి. "వీటిలో ఆపదగ్గ మాత్రలు ఏమైనా ఉన్నాయా?" "నా రక్తం ఎందుకు తగ్గిందంటారు?" రెండోదానికి జవాబు రాకుండా కుర్చీలోంచి లేవకండి. ఒక్క సిట్టింగులో అన్నీ తేలవు, మూడు నాలుగుసార్లు వెళ్ళాల్సి వస్తుంది. ప్రతిసారీ ఒకటో రెండో మందులు మారుస్తారు, అదే మంచి పద్ధతి. అన్నీ ఒకేరోజు మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఈ జవాబు చదివి మీ అంతట మీరు మందులు ఆపకండి. బీపీ మాత్ర, థైరాక్సిన్, ప్రీగాబలిన్ హఠాత్తుగా ఆపేవి కావు. అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా మానదగ్గది ఒక్క ఎసిక్లోఫెనాక్. నొప్పికి పారాసెటమాల్ 650 రోజుకి మూడుకి మించకుండా వేసుకోవచ్చు, కాలేయం జబ్బు ఏదీ లేకపోతే. ఈలోగా మలం తారులా జిగటగా నల్లగా వచ్చినా, రక్తం వాంతి అయినా, నడుస్తుంటే ఆయాసమో ఛాతీ నొప్పో వచ్చినా, మూత్రం బాగా తగ్గినా, కాళ్ళు పట్టు తప్పి మల మూత్రాల మీద అదుపు పోయినా, కాలిమీద పుండు కనపడినా అదేరోజు ఆసుపత్రికి వెళ్ళండి. ఫెర్రిటిన్, బీ12, మూత్రం రిపోర్టులు వచ్చాక మళ్ళీ రాయండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.